పోస్టులో ఉన్న పేరు

శంకర్రావు ఆ మాట ఎప్పుడూ ఇంగ్లీషులోనే అనేవాడు. తెలుగులో అంటే అబద్ధమని తెలిసిపోతుందని కాబోలు.

"ద చెక్ ఈజ్ ఇన్ ద పోస్ట్, కాకా!"

ముంబయి కామాటిపురలో, వరసగా ఒంటిగది కాపురాలుండే ఆ చాల్ కమిటీకి ఆయన సెక్రెటరీ. అక్కడివాళ్లు 'మూడో మాల' అనే మూడో అంతస్తులో ఉంటాడు. పుస్తకాలూ పేపర్లూ చదువుకునే చాల్ వాచనాలయానికి మరమ్మతులు చేయించి, గుమ్మం పక్కన పెట్టే తెలుగు శిలాఫలకం పని లస్మయ్యకు అప్పగించాడు. డెబ్బై ఏళ్ల లస్మయ్యకు అక్షరం ముక్క రాదు. కోడలు మంగళ రాతి మీద పెన్సిలుతో గీస్తే, ఆ గీత వెంటే ఉలి నడిపిస్తాడు. మంగళ చదివిన బి.ఏ. ఆ ఇంట్లో అక్కరకొచ్చింది అక్కడే.

కూలి చేతికందితే కంటి ఆపరేషన్ చేయించుకోవాలని లస్మయ్య ఆశ. లేకపోతే ఇదే తన ఆఖరి రాయి అవుతుందేమోనని దిగులు.

"పోస్ట్‌ల ఉన్నదంట గద బిడ్డా, ఆగుదాం."

"నెలాయె ఆగవట్టి. మూడో మాల నుంచి కిందికి పోస్టెందుకు మామా? తాడు కట్టి బుట్టల దింపితె అయిపాయె!"

ప్రారంభోత్సవం రేపనగా సాయంత్రం శంకర్రావు రాయి చూడవచ్చాడు. పై వరుసలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఆయన పేరుండాల్సిన కింది వరుస మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది.

"అరే, నా పేరేది?"

మంగళ చాయ్ గ్లాసు అందించింది. "ఇట్ ఈజ్ ఇన్ ద పోస్ట్, అన్నా."

లస్మయ్యకు ఇంగ్లీషు రాదు గానీ, ఎందుకో దగ్గొచ్చింది.

"మజాక్ చేస్తున్నవా? పొద్దుగాల్నే ప్రోగ్రాం!"

"టైముంది లే అన్నా. మీరు చెక్కు రాయుండ్రి, మామ రాయి చెక్కుతడు."

శంకర్రావు చాయ్ తాగినంతసేపూ ఆ ఖాళీనే చూశాడు. గ్లాసు కింద పెట్టి మెట్లెక్కాడు. పావుగంటకు మూడో మాల నుంచి కూరల బుట్ట ఊగుతూ దిగింది. అందులో నిమ్మకాయ బరువు కింద చెక్కు.

మంగళ తారీఖు చూసింది, సంతకం చూసింది. అంకెనూ అక్షరాలనూ కలిపి చూసుకుంది. అప్పుడు పెన్సిలు చెక్కుకుని రాతి ముందు కూర్చుంది.

"పేరు పెద్దదా బిడ్డా?" ఉలి అందుకున్నాడు లస్మయ్య.

"ఇయ్యాల్టికి 'శంకర్' చాలు మామా. పైసలు బ్యాంకుల పడ్డంక 'రావు'."