కుదురులేని కుర్చీలు

లెక్కల పీరియడ్ మొదలైతే చాలు, ఏడో తరగతిలో అందరూ బొంగరం అని పిలిచే అమ్మాయి కుర్చీ ఆ పిల్లతో సహా దానంతటదే నడక మొదలుపెట్టేది. కిటికీ దాకా పోయి, కాసేపు నిలబడి, బోర్డు ముందు నుంచి తిరిగొచ్చేది. "అడ్డం రాకే," అని టీచరు పాఠం సాగించేది. ఆ పిల్ల ఏ కుర్చీలో కూర్చున్నా అంతే.

దృష్టి ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ అని డాక్టరు తేల్చాక, స్కూలు కౌన్సెలర్ టీచర్లందరితో మాట్లాడింది. పెద్ద లెక్కని ముక్కలు చేసి ఇవ్వడం మొదలైంది. పరీక్షకి వేరే గది, కాస్త ఎక్కువ టైము. బొంగరం మొదటిసారి లెక్కల్లో గట్టెక్కింది.

అందుకే ప్రిన్సిపల్ పిలిచిందంటే మెచ్చుకోడానికేమో అనుకుని, కళ్లజోళ్ల షాపులో సెలవు పెట్టి మరీ, కూతుర్ని వెంటబెట్టుకుని ఆవిడ గదికి వచ్చింది వాళ్లమ్మ.

"వచ్చే ఏడాదికి వేరే స్కూలు చూసుకోండి," అంది ప్రిన్సిపల్. "ఒక్కరి కోసం ఇన్ని వెసులుబాట్లు కుదరవు. కుదురుగా కూర్చోడం ఎవరైనా నేర్చుకోవాల్సిందే. నేను నేర్చుకోలేదా?"

పక్కనున్న కౌన్సెలర్ ముఖం పాలిపోయింది. ఆవిడకీ ఈ సంగతి తెలీదు.

ఈలోగా బొంగరం కుర్చీ బల్ల చుట్టూ తిరిగి ప్రిన్సిపల్ వెనక్కి చేరింది.

"మేడమ్, మీ కుర్చీ కాళ్లు వణుకుతున్నాయి." పిల్ల వంగి చూసి గొంతు తగ్గించింది. "నేలకి మేకులు కొట్టేశారు మేడమ్."

తల్లీ వంగి చూసింది. ఒక్కో కాలికీ పొడవాటి మేకు. చుట్టూ చెక్క చీలిపోయింది. కట్టేసిన దూడలా కుర్చీ తలుపు వైపుకి గుంజుకుంటోంది.

ప్రిన్సిపల్ చీర అంచు కిందికి లాగి మేకుల్ని కప్పబోయింది.

"నీ వయసులో నా కుర్చీకి మా నాన్న మేకులు కొట్టాడు," అంది చివరికి, పిల్లతోనే. "తర్వాత ఎక్కడ పనిచేసినా నేనే కొట్టించుకున్నా."

"మరి నొప్పెట్టదా మేడమ్?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. కౌన్సెలర్ వైపు తిరిగి, మేకులు తీయించమన్నట్టు తలూపింది.

అటెండర్ పట్టకారు తెచ్చాడు. ఆఖరి మేకు ఊడగానే కుర్చీ ఆవిడతో సహా వరండాలోకి దూకింది. ఆవిడ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్లు ఇంతింతయ్యాయి. పిల్లలు తప్పుకుని దారిచ్చారు.

తల్లి వెనకే పరిగెత్తింది. "మేడమ్, మా అమ్మాయి సంగతి?"

"ఇక్కడే చదువుతుంది," అంది ప్రిన్సిపల్, చెంపలు తుడుచుకుంటూ. తర్వాత మెల్లగా, "మీరు చూపిస్తున్న డాక్టరు పెద్దవాళ్లని కూడా చూస్తాడా అమ్మా?"

తల్లి పక్కనే నడుస్తూ ఫోన్ నంబరు చెప్పింది. కుర్చీ ఇప్పట్లో ఆగేలా లేదు.