పచ్చీసు ఖోలీలో కదలని కాయ

దీపాలు పెట్టే వేళకు పెంటమ్మ పచ్చీసు ఖోలీ తాళం తీసేది. ముందు కిటికీ తెరిచి, ఆ తర్వాత చీపురు పట్టేది. ఆ గది ఊడవడానికి ఒక ఒడుపు కావాలి. నేల మీద ఎనామిల్ రంగుతో గీసిన గడుల మీదుగా చీపురు పోవాలి, గడుల్లో నిలబడ్డ కాయలకు మాత్రం తగలకూడదు. బొంబాయి కామాటిపురాకు రాళ్లు మోయడానికొచ్చిన తాతలు గీసిన పచ్చీసు ఆట పట్టం అది. నాలుగు చేతులూ నాలుగు గోడల దాకా చాపుకుని ఉంటుంది. చందా కట్టిన ప్రతి మనిషికీ అందులో ఒక కాయ.

మనిషి ఖోలీలో ఉంటే కాయను చేత్తో నడుపుతాడు. పని కోసం ఊళ్లు పట్టుకుని పోతే, పోయినచోట ఇసుకలో గడులు గీసుకుని గవ్వలేస్తాడు. ఇక్కడ కాయ దానంతటదే నడుస్తుంది, గోడ మీద బల్లి పాకినట్టు కాస్త ఆగి, కాస్త ఉరికి. ఇక్కడివాళ్లు వేసే గవ్వల పందేలకు అక్కడ ఇసుకలో గులకరాళ్లూ అలాగే జరుగుతాయి. ధారావిలో ఉన్నవాళ్లయితే బస్సు ఎక్కడానికి బద్ధకించి ఇంట్లో కూర్చునే ఆడేవారు.

సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లు పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసేవారు. "మా ఆయన మూడు గడులు పోయిండు, జ్వరం దిగినట్టే" అని ఒకామె, "మా తమ్ముడింక కదల్లే, పని పొద్దుపోయేదాంక ఉన్నట్టుంది" అని ఇంకొకామె అనుకుని, రొట్టెలు కాల్చుకోవడానికి పోయేవారు. ఉత్తరాలు రాయడం రాని మగవాళ్ల క్షేమం వరస గదుల ఆ చాళ్‌లో అలా తెలిసేది.

పెంటమ్మ మాత్రం చివరి దాకా ఒక ఆకుపచ్చ కాయనే చూస్తూ కూర్చునేది. అది ఆమె మొగుడు కిష్టయ్యది. కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రి వెంట ఎక్కడో ఆనకట్ట పనికి పోయాడు. వానలు వెళ్లిపోయినప్పటినుంచీ ఆ కాయ కదల్లేదు. ఫోరస్ రోడ్డులో మేస్త్రి తమ్ముడికి సోడా దుకాణం ఉంది. ఎప్పుడడిగినా "మంచిగనే ఉన్నడు వదినా" అంటాడు, సీసాల వంక చూస్తూ. మొహం వంక చూసి ఒక్కసారన్నా అనలేదు.

ఆ చింత చాలదన్నట్టు ఖోలీకే గండం వచ్చింది. చాళ్ కమిటీ వాళ్లు, మెంబర్లు పెరగకపోతే గది వీడియో సినిమాలు వేసేవాడికి ఇచ్చేస్తామన్నారు. ఒకప్పుడు కాలు పెట్టడానికి సందుండని ఖోలీలో ఇప్పుడు కాయలకన్నా ఖాళీ గడులే ఎక్కువ. ఆట మండలికి సెక్రటరీ తుకారాం. పెంటమ్మను మరాఠీ తీరున వహినీ అంటాడు, అంటే వదినా అని. ఇస్త్రీ చొక్కా, చెవి మీద పెన్సిలు, మాటకు ముందు ఒక దగ్గు. వాడికి రోగం తెలియదు కానీ మందులు మాత్రం చాలా తెలుసు.

"వహినీ, లోకులకు నవీన్ కావాలె, కొత్తది!" అంటూ ఒక నెల పట్టానికి ఐదో చెయ్యి గీయించాడు. జనం విరగబడి వచ్చారు. పండగలా ఉంది ఖోలీ. తుకారాం కాలర్ ఎగరేశాడు. నెల తిరిగేసరికి ఐదో చెయ్యి మీద దుమ్ము పేరుకుంది. తర్వాత రంగు గవ్వలు తెప్పించాడు. మళ్లీ వచ్చారు, మళ్లీ పోయారు. ఆదివారం టీవీలో సినిమా వస్తుంటే ఆ తప్పు టీవీదన్నాడు. నాకా కూడలిలో పని దొరక్క కూలీలు ఖాళీగా ఉన్న వారం ఖోలీ నిండితే ఆ గొప్ప రంగు గవ్వలదన్నాడు. పెరిగితే తన వల్ల, తగ్గితే లోకం వల్ల. కుర్చీ ఎక్కినవాళ్ల లెక్కలన్నీ ఇంతేనేమో!

"వచ్చినోళ్లు ఎందుకు నిలుస్తలేరో అడిగినవా అన్నా?" అంది పెంటమ్మ ఒకరోజు.

"అడుగుడేంది? అందరికీ తెలిసిందే. ఆట ముసల్దైంది."

"ముసల్దైతే మా అత్త గూడ ముసల్దే. ఆమె తిట్లు వినడానికి గల్లీ గల్లీ నిలబడ్తది."

గుమ్మం దగ్గర ఆకు నములుతున్న ముత్తమ్మ, కిష్టయ్య తల్లి, "నన్నెందుకు గుంజుతవే నడిమిట్ల?" అని కసిరింది. కసిరినా లోపల సంతోషమే.

తుకారాం దగ్గాడు. "ఇంకో మాట వహినీ. ఈ కదలని కాయలున్నయే, వీటిని చూసే కొత్తోళ్లు బెదురుతున్నరు. శ్మశానంల కూసున్నట్టుంది అంటున్నరు. అమాస దాంక చూస్తం. అప్పటికీ కదలనియి తీసేస్తం. కొత్తోళ్లకు జాగా అయితది."

పెంటమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. పట్టం మీంచి తీసిన కాయ ఇక వట్టి చెక్క. అవతల మనిషి ఎన్ని పందేలేసినా ఇక్కడ ఏమీ కదలదు. కిష్టయ్యకూ తనకూ మధ్య ఉన్నది ఆ ఒక్క దారే.

"కదిలితే ఉంచుతరు గదా?"

"కదిలినా సరే, ఎవరన్న కొట్టినా సరే. కొట్టిన కాయ తీసేసినట్టు గాదు. మొదటి గడిల కూసుండి దస్, అంటే పది, పడేదాంక ఆగుతది. రూల్ రూలే."

కొట్టడం. ఆ మాటకు ముత్తమ్మ నోట్లో ఆకు నమలడం ఆపింది.

ఆ ఖోలీలో ఎవరూ ఎవరినీ కొట్టక ఏళ్లయింది. దానికో కారణముంది. ఒకసారి పక్క చాళ్ చంద్రమ్మ నవ్వుతూ నవ్వుతూ తన అన్న కాయను కొట్టింది. ఆ వారమే ఆ అన్న పరంజా మీంచి జారి పడ్డాడు. కాలు విరిగిందే తప్ప ప్రాణం పోలేదు. అయినా ఆడవాళ్ల గుండెల్లో రాయి పడింది. ఆనాటి నుంచి దూరాన ఉన్నవాళ్ల కాయను కొట్టేవారు లేరు. తర్వాత దగ్గరున్నవాళ్లనూ కొట్టడం మానేశారు. కొట్టే పందెం పడితే పడనట్టు గవ్వల మీద కొంగు వేసి, ఇంకోసారి వేసుకునేవారు. అది ప్రేమే, కాదనలేం. కానీ కాయలన్నీ ఒకదాని వెనక ఒకటి, రేషన్ దుకాణం ముందు జనంలా, మెల్లగా నడుస్తుండేవి. గెలుపు లేదు, ఓటమి లేదు, అరుపు లేదు.

ఆ రాత్రి పెంటమ్మకు నిద్ర పట్టలేదు. మెంబర్లు పెరిగిన నెలలు, తగ్గిన నెలలు ఒక్కొక్కటే తలచుకుంది. కొత్తది చూడ్డానికి జనం వచ్చారు, చూశాక పోయారు. మరి ఏ కొత్తా లేని రోజుల్లో ఏళ్ల తరబడి ఎందుకు నిలిచారు? మొన్న నన్ను కొట్టావు, ఇవాళ నీ పని చెప్తానని పంతం పట్టి నిలిచారు. ఎదుట మనిషి ఉన్నాడని నిలిచారు. కొట్టడం మానేసి తామంతా దూరాన ఉన్నవాళ్లను కాపాడామనుకున్నారు. అవతల ఇసుక ముందు కూర్చున్నవాడికి ఏం కనిపించి ఉంటుంది? తన వంక ఎవరూ రారు, తనను ఎవరూ తాకరు. తను ఉన్నా లేకున్నా ఒకటే.

అమావాస్య నాడు ఆమె ఖోలీ తాళం తీసి గవ్వలు ముందు పెట్టుకుంది. ఆమె ఎర్ర కాయ కిష్టయ్య కాయకు నాలుగు గడులు వెనక ఉంది. తుకారాం అప్పటికే బట్టసంచి తెచ్చుకుని, కదలని కాయల వైపు వంగుతున్నాడు.

"ఆగు అన్నా. నా పందెం ఉంది."

వేసింది. మూడు. కానీ ఖోలీ పద్ధతి ప్రకారం పందెం వదులుకోవచ్చు. వదులుకుంది. ఒక చుట్టు ఆడాక మళ్లీ వేసింది. రెండు. వదులుకుంది. అప్పుడర్థమైంది ముత్తమ్మకు.

"ఏయ్ పిల్లా, ఏం జేస్తున్నవే? నాలుగు కోసం సూస్తున్నవా? కొడ్తవా నా కొడుకును?"

"కొట్టకపోతే సంచిల వేస్తరు అత్తా."

"సంచిల వేస్తే వేయనీ! వాడు యాడున్నా మంచిగుంటే చాలు. నీ చేతులిరిగిపోను!"

"మంచిగున్నడని ఎవరు చెప్పిన్రు? సోడా సీసాలు చెప్పినయా?" అంది పెంటమ్మ. "మనం కొట్టకుంటే వాడు బతుకుతడని ఎవరు రాసిచ్చిన్రు అత్తా? కొట్టకుంట కొట్టకుంట మనమే వాణ్ని మర్చిపోయినట్టు చేసినం."

తన వంతు రాగానే పెంటమ్మ విసిరిన గవ్వలు నేల మీద దొర్లాయి. నాలుగు నోళ్లు తెరుచుకుని పడ్డాయి.

ఎవరో గవ్వల మీద కొంగు వేయబోయారు. పెంటమ్మ ఆ చేయి పక్కకు నెట్టింది. ఎర్ర కాయను ఒకటి, రెండు, మూడు అని నడిపి, నాలుగో గడిలో ఆకుపచ్చ కాయ నెత్తిన కొట్టింది. టక్కుమంది. కాయ దొర్లి దొర్లి పోయి మొదటి గడిలో నిలబడింది. ముత్తమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. తుకారాం సంచి మడతపెట్టాడు. "రూల్ రూలే" అన్నాడు, కానీ దగ్గలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ముత్తమ్మ కోడలు వండింది ముట్టలేదు. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా పెంటమ్మ గుమ్మంలోకి పరుగెత్తేది. టెలిగ్రామేమో, మేస్త్రి మనిషేమో. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి జాలి పడాలో జడుసుకోవాలో తెలియక బిందెలు పక్కకు జరిపేవారు. ఆకుపచ్చ కాయ మొదటి గడిలో అలాగే ఉంది. చంపుకున్నాననే పెంటమ్మ అనుకుంది. అనుకుంటూనే రోజూ ఊడ్చింది, దాని చుట్టూ చీపురు తగలకుండా.

ఒక సాయంత్రం పెంటమ్మ ఖోలీ ఊడుస్తుంటే కిందనుంచి గావుకేక వినిపించింది.

"ఎవడు కొట్టిండు బే నన్ను?"

మెట్లెక్కి వస్తున్న మనిషిని ముత్తమ్మ మొదట పోల్చుకోలేదు. చెంపలు పీక్కుపోయాయి, గడ్డం పెరిగింది, చంకలో ఒక మూట. కిష్టయ్య. తల్లి ఏడుస్తూ పట్టుకోబోతే, "ఆగవే అవ్వా, ముందు సంగతి తేల్చుకోనీ" అని సరాసరి ఖోలీలోకి దూరాడు.

"నేనే కొట్టిన" అంది పెంటమ్మ. చీపురు పక్కన పెట్టింది. గోడకు ఆనుకుంది.

"నువ్వా?"

"నేనే. కూసున్నవు, కొట్టిన. ఇన్ని నెలలు కూసుంటే కొట్టరా?"

కిష్టయ్య ఆయాసంతో నేల మీద కూలబడ్డాడు. మాటలు తెగి తెగి వచ్చాయి. "జరం వట్టింది. పండుకున్న. మీ బొంబాయోళ్లు టీవీలు చూసుకుంట మిమ్మల్ని ఎప్పుడో మరిచిన్రు, యాడికి పోతరు మీరు అని మేస్త్రి అంటుండె. నిజమే అనుకున్న. ఇసుకల ఎవరూ నా దిక్కే రాకపోతుండ్రి. జరం తగ్గినా లేవలే. ఎందుకు లేవాలె? ఒకనాడు గుడిసెల పండుకొని చూస్తున్న. నా గులకరాయి ఎగిరి అవతల వడ్డది. పానం భగ్గుమన్నది. లేసిన. మేస్త్రి అడ్డమొస్తే జరుగు అన్న. నడుసుకుంటనే రైలు దాంక వచ్చిన."

"కొట్టినందుకా?"

"మరి! కాయ పండి ఇంట్ల వడేటందుకు పన్నెండు గడులే ఉండె నాకు. ఊకుంటనా?"

పెంటమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్లు పట్టాయి. అప్పటికి వరండా నిండా జనం. టీవీ ముందు కూర్చున్నవాళ్లు, పొయ్యి మీద ఎసరు వదిలేసినవాళ్లు, చందా మానేసి ఏడాది దాటినవాళ్లు, అందరూ తలుపులో ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. అందులో ఒకావిడ తన మరిది కాయ ఎక్కడుందని అడిగింది. అడిగిన గొంతులో కొట్టాలన్న కసి కూడా కాస్త ఉంది.

కిష్టయ్య గవ్వలు ఊపి విసిరాడు. రెండు. మళ్లీ పెంటమ్మ ఆడాక విసిరాడు. మూడు.

"దస్ వడేదాంక అన్నం తినను" అన్నాడు.

"తినకు" అని గవ్వలు లాక్కుంది పెంటమ్మ. ముత్తమ్మ మాత్రం కంచంలో అన్నం కలిపి, కొడుకు పక్కన కూర్చుని, పందెం పందేనికీ మధ్య ఒక్కో ముద్ద వాడి నోట్లో కుక్కుతోంది.