తొందరపడి చెప్పిన సాక్ష్యం

సంఘంలో అందరూ ఆమెను పరుగుల చెల్లెమ్మ అనేవారు. మోకాలి కింద ముందు ఎముకలో సన్నని పగులు వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు ఆ సంఘం చేసిన ప్రార్థనలు అన్నీ ఇన్నీ కావు. ఒక ఆదివారం ఉదయం మంచం దిగి చూసుకుంటే నొప్పి లేదు. ఇంకేముంది, సంతోషం పట్టలేక నేరుగా మందిరానికి పోయి, వేదిక ఎక్కి, అదే కాలితో గంతులేసి సాక్ష్యం చెప్పేసింది. దేవుడు తన కాలు బాగుచేశాడంది. స్తోత్రాలతో రేకుల కప్పు అదిరిపోయింది.

వానలకు మైదానం మూసేయడం వల్ల ఆ కాలికి కాస్త విశ్రాంతి దొరికిందన్న సంగతి ఒక్కరికైనా తట్టలేదు. మైదానం తెరిచారు, నొప్పి తిరిగొచ్చింది. మరి నలుగురిలో సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడమెలా? నొప్పిని ఒప్పుకుంటే నమ్మకం లేనట్టేనని తనకు తానే నచ్చజెప్పుకుని, పళ్ళ బిగువున పరిగెత్తింది.

ఆమెకు పరుగు నేర్పేది సొంత మేనమామే. భక్తి అంతంతమాత్రం. అక్క మాట కాదనలేక మందిరానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు.

"కాలెలా ఉందే?" అని రోజూ అడిగేవాడు.

"బాగుంది మామయ్యా."

వచ్చే ఆదివారమే ఎంపిక పందెం. ఆమె వయసుకు జాతీయ జట్టులో చోటు ఇప్పుడు దొరక్కపోతే ఇక ఆ మాట మరిచిపోవాల్సిందే.

దానికి వారం ముందు ఆరాధనలో, పందెం కోసం ప్రార్థిస్తామని పాస్టరుగారు ఆమెను ముందుకు పిలిచారు. అంతలో సంఘంలోనే బట్టలు కుట్టే దర్జీ అక్క తన కూతురిని నడిపించుకుంటూ వచ్చింది. పాపకు పుట్టుకతోనే ఒక కాలు బలహీనం, ఇనప పట్టీ లేనిదే అడుగు పడదు. ఇవాళ ఆ పట్టీ లేదు.

"తీసేశాను చెల్లీ. నిన్ను చూశాకే ధైర్యమొచ్చింది. ఇంట్లో కూడా ఇలాగే నడిపిస్తున్నా," అంది దర్జీ అక్క, కళ్ళనిండా వెలుగుతో.

పాప అడుగు వేసి గచ్చు మీద పడిపోయింది. పాత గాయాల మీదే మోకాళ్ళు మళ్ళీ చీరుకుపోయాయి. ఏడవలేదు. పడడం అలవాటైపోయిన దానిలా తల్లి ముఖంకేసి చూసింది.

చెల్లెమ్మ గుండె చెరువైంది. నోరు తెరిస్తే పందెం పోతుంది, వెనక మామయ్య వింటున్నాడు. ఇంకొక్క వారం ఆగకూడదా దేవుడా అని ఆమె నిజంగానే అడిగింది. అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, దానికి పట్టీ వెయ్యి. నా కాలు బాగవలేదు."

పాస్టరుగారు నవ్వేశారు. "పందెం ముందు భయమమ్మా, ఎవరికైనా ఉంటుంది."

"భయం కాదయ్యగారూ. తొందరపడి చెప్పేశాను. నొప్పి మళ్ళీ వచ్చాక దాచిపెట్టాను."

"కూర్చోవే, పరువు తియ్యకు," అంటూ తల్లి చెయ్యి పట్టి లాగింది.

దర్జీ అక్క పాపను ఎత్తుకుంది. "దీనికి నమ్మకం లేకే పడుతోందని తిట్టి మరీ లేపానే! కొట్టాను కూడా!"

దర్జీ అక్క వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

మామయ్య గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. "నీ పేరు తీసేయిస్తున్నా," అన్నాడు.

"ఒక్క పందెం, మామయ్యా. ఆ తర్వాత నువ్వెలా చెబితే అలా."

"ఆ ఎముక విరిగితే జీవితాంతం కుంటుతావే. నన్నడిగితే బాగుందన్నావు, నమ్మాను." అంతకుమించి తిట్టలేకపోయాడు. ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మరుసటి ఆదివారం తల్లి తలనొప్పని ముసుగుతన్ని పడుకుంది. చెల్లెమ్మ ఒక్కతే కుంటుకుంటూ మందిరానికి వెళ్ళింది. ఆమె బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. పలకరిద్దామని చూసినవాళ్ళు కూడా పక్కవాళ్ళను చూసి ఊరుకున్నారు. దేవుని ఇంట్లో మనుషుల తీరు ఇలాగే ఉంటుంది, ఏం చేస్తాం!

ఈపాటికి అక్కడ పందెం మొదలై ఉంటుంది. తనకంటే వెనకబడే పిల్లలు ఇవాళ ముందు పరిగెత్తుతుంటారు. పాస్టరుగారు కళ్ళు మూసుకోమన్నారు, మూసుకుంది. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది ప్రభువా, అంది మనసులో. ఎంత ప్రయత్నించినా ఆ మాట తప్ప ఇంకో ప్రార్థన రాలేదు. చివర అందరూ ఆమేన్ అన్నప్పుడు, ఆమె కూడా ఆమేన్ అంది.