రాఫ్టు ఎంతమందికి?

"ఎంతమందికి?" అని కళ్ళజోళ్ళ దుకాణమాయన్ని అడిగింది రాఫ్టుల వర్క్‌షాపు నడిపే ఆవిడ.

పడవ పొడవెంతంటే చెప్పగలడు, ముప్పై మూడు అడుగులు. ఎంత దూరమంటే చెప్పగలడు, ఆరు నెలల ప్రయాణం, మధ్యలో పన్నెండు రోజులు నేల కనపడదు. తెరచాపలెన్ని, లంగరు బరువెంత, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నకే, మూడోసారి వచ్చినా, జవాబు లేదు.

"ఇద్దరికి. లేదంటే నలుగురికి."

"ఇద్దరా, నలుగురా?"

"అదే తేలడం లేదమ్మా."

ఆవిడ చేతి తొడుగులు తీసి, స్టూలు లాక్కుని కూర్చుంది. గోడవార రెండు తెల్లటి పెట్టెలున్నాయి. పడవ మునిగే గతే పడితే, తాడు లాగగానే గ్యాసుతో ఉబ్బి, పైన గుడారంతో సహా తయారయ్యే రబ్బరు తెప్ప ఒక్కోదాంట్లో మడిచి ఉంటుంది. ఒకటి నలుగురిది, ఒకటి ఆరుగురిది. రెండూ ఎవరో వాడి అమ్మినవే. విప్పి, సర్వీసు చేసి, మళ్ళీ సర్ది ఇస్తుంది.

"ఇద్దరైతే నలుగురిది చాలు. నలుగురు మగాళ్ళు అన్ని రోజులంటే ఆరుగురిది."

"పోనీ పెద్దదే తీసేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా?"

"వదలదు. మనుషుల బరువే దాన్ని నీళ్ళమీద నిలబెట్టేది. పెద్దదాంట్లో ఇద్దరే కూర్చుంటే గాలికి పల్టీ కొట్టినా కొడుతుంది. పైగా లోపల వెచ్చబడదు, చలికి బిగుసుకుపోతారు. ఇంటికెళ్ళి తలకాయలు లెక్కపెట్టుకు రండి. రెండూ విప్పి పెడతాను."

ఆ తలకాయలు లెక్కపెట్టడమే ఆయన వల్ల కావడం లేదు. ఒకటి ఆయనదే. రెండోది భార్యది కావాలి. అవునో కాదో తెలియదు. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసినవాడికి ఆ మాత్రం తెలియదా అంటే, తెలియదు మరి.

భార్య ఆస్పత్రిలో టెలిఫోను దగ్గర పనిచేస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా "నమస్కారం, ఏ విభాగం కావాలి?" అంటూ ఊరందరితో మాట్లాడి ఇంటికొచ్చేసరికి మాటలకు కరువొస్తుంది. మిగిలే రెండు మూడింటిలో "చూద్దాం" ఒకటి. పడవ కొందామంటే "చూద్దాం" అంది, కొన్నారు. ఆరు నెలలు దుకాణం మూసేసి పోదామంటే "చూద్దాం" అంది, దారి గీసుకున్నారు. చూద్దాం అంటే సరే అని ఆయన లెక్క. పోయినేడాది దాకా ఆ లెక్క తప్పలేదు.

పోయినేడాది ఒక మధ్యాహ్నం ఒడ్డుకు తిరిగొస్తుంటే గాలి ఉన్నట్టుండి ఎదురు తిరిగింది. పడవ ఒరిగి, ఆవిడ పడింది. మణికట్టు బెణికింది. అది పెద్ద సంగతి కాదు. కళ్ళజోడు ఎగిరి నీళ్ళలో పడింది. జోడు లేకపోతే ఆవిడకు చాచిన తన చెయ్యే మసక. ఒడ్డు చేరేదాకా నాలుగు గంటలు, రెండు చేతులా కమ్మీ పట్టుకుని కూర్చుంది. దిగాక ఒక్క ముక్కే అంది, "ఏమీ కనపడలేదండీ." ఆ తరవాత మళ్ళీ పడవెక్కలేదు. వస్తావా అని ఆయన అడగనూ లేదు.

ఎందుకడగలేదంటే, భయం. "రాను" అనేస్తే ఇక ఆ మాటను వెనక్కి తీసుకునేదెవరు? ఆవిడ లేని ప్రయాణం ఆయనకు అక్కర్లేదు. ఆ సంగతి పైకంటే మొహమాటానికి బయల్దేరుతుందేమోనని అదీ మింగేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడి పెద్దమనిషి రాఫ్టుల క్యాటలాగు తిరగేస్తున్నాడు.

ఈ సందులో దూరాడు బావమరిది. ఇంట్లో అందరూ కెప్టెన్ అని పిలుస్తారు, ఒక్క పడవకూ కెప్టెన్ కాదు గనక. "అక్క రాదు బావా, నేను రాసిస్తాను. నేనూ, నా స్నేహితులిద్దరూ రెడీ. మొత్తం నలుగురం. ఆరుగురి రాఫ్టు కొట్టెయ్!" అని రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే కాపలా వంతులు కూడా వేసేశాడు.

దీనికి తోడు కళ్ళజోడు గొడవొకటి. నెల కిందట ఆవిడ దుకాణానికొచ్చి, "నాకింకో జోడు చెయ్యండి. చూడ్డానికి ఎలా ఉన్నా ఫర్వాలేదు, పగలకూడదు. వెనక తాడుండాలి," అంది. ఎందుకో చెప్పలేదు. అద్దాలు తనే స్వయంగా అరగదీశాడు. ఎడమ కంటికి మైనస్ నాలుగున్నర, కుడి కంటికి ఐదున్నర, ఆ నంబర్లు ఆయనకు నిద్రలో లేపినా వస్తాయి. మందపాటి నల్ల ఫ్రేములో బిగించి ఇచ్చాడు. ఆవిడ ఒకసారి పెట్టుకుని చూసి, డబ్బాలో పెట్టి మూసింది. అంతే. ఆ జోడు మళ్ళీ కనపడితే ఒట్టు. తను చేసిందేదీ ఆవిడకు పట్టడం లేదని ఆయన మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాడు. "రాఫ్టు నలుగురిది తీసుకోమంటావా, ఆరుగురిదా?"

ఆవిడ కంచంలోకి చూస్తూ, "ఎవరెవరిని తీసుకెళ్ళాలని ఉందో మీకే తెలియాలి," అంది.

"అక్కనెందుకు బావా ఇబ్బంది పెడతావు?" అన్నాడు కెప్టెన్, నోటినిండా ముద్దతో. "ఆరుగురిదే."

ఆవిడ కంచాలు తీసుకుని లేచింది. కాదనలేదు. కాదనలేదంటే అవుననే కదా అనుకున్నాడాయన. చేయి కడుక్కుని చూస్తే, సోఫా మీదుండాల్సిన క్యాటలాగు ఇస్త్రీ బట్టల కింద ఉంది. మొన్న ఫ్రిజ్ మీద దొరికింది. అన్నీ కెలికేది కెప్టెనే అని విసుక్కున్నాడు.

పొద్దున బయల్దేరుతుంటే ఆవిడ ఒక పొట్లం చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ కవరు, చుట్టూరా టేపు. "రాఫ్టులో పెట్టమనండి. మీ బీపీ మాత్రలు," అని బస్సు టైమైందంటూ వెళ్ళిపోయింది. మాత్రలతో తనను సాగనంపుతోందన్నమాట! ఆయనకు కళ్ళు చెమర్చాయి, కోపమూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు.

వర్క్‌షాపులో రెండు రాఫ్టులూ ఉబ్బి నేలంతా ఆక్రమించాయి. గాలి దిగుతుందేమో చూడ్డానికి నిన్నటినుంచి అలాగే ఉంచిందట. గ్యాసు సిలిండర్లు తూచింది, గడువు దాటిన మంచినీళ్ళ ప్యాకెట్లూ టార్చి బ్యాటరీలూ పక్కన పోసింది.

"తేలిందా?"

"తేలింది. నలుగురం. పెద్దదే ఇవ్వండి."

"ఒకసారి లోపల కూర్చుని చూడండి."

మోకాళ్ళ మీద పాకుతూ దూరాడు. లోపలంతా నారింజరంగు వెలుతురు, రబ్బరు వాసన. ఎటు చెయ్యి చాచినా ఎవరూ లేరు. పక్కన కెప్టెన్ గురక పెడుతున్నట్టు ఊహించుకుని గబగబా బయటికొచ్చాడు.

"ఇంకేమైనా లోపల సర్దాలా? ఒకసారి మూసేస్తే మళ్ళీ సర్వీసు దాకా తియ్యను."

పొట్లం అందించాడు. పెట్టే ప్రతి వస్తువూ కాగితం మీద రాయాలంటూ ఆవిడ టేపు కోసింది. "మాత్రలు, రెండు అట్టలు," అని రాసింది. "కళ్ళజోడు, ఒకటి."

"కళ్ళజోడా? నా పాతదేదో అయ్యుంటుంది."

ఆవిడ చేతిలో మందపాటి నల్ల ఫ్రేము, వెనక తాడు.

ఆయన అందుకున్నాడు. అక్కర్లేకపోయినా, అలవాటు కొద్దీ చెయ్యి చాచి అద్దంలోంచి చూశాడు. ఎదురుగా ఉన్న తలుపు చిన్నదైపోయింది. ఎడమ అద్దంలో కాస్త చిన్నది, కుడి అద్దంలో ఇంకాస్త. నాలుగున్నర, ఐదున్నర. అక్కడే రాఫ్టు అంచుమీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది?"

"ఇది మా ఆవిడది," అన్నాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషికి నెలరోజులుగా ఇది కనపడలేదు.

"మరి ఇందాక నలుగురం అన్నారు? ఆవిడతో కలిపా?"

"ఉండమ్మా," అని ఫోను తీశాడు. ఆస్పత్రి నంబరు నొక్కాడు.

"నమస్కారం, ఏ విభాగం కావాలి?"

"నేనే."

"ఏమైందండీ?"

"రాఫ్టు ఎంతమందికి తీసుకోమంటావు?"

అవతల ఎక్కడో ఇంకో ఫోను మోగుతోంది.

"నలుగురిది. ఆరుగురిదైతే మనిద్దరికీ చలేస్తుంది. మీ క్యాటలాగులో రాశారు."

"మరి చెప్పవేం?"

"మీరు అడిగారా? తమ్ముడూ వాడి స్నేహితులూ వస్తారని రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నన్ను రమ్మంటారేమో, చూద్దామనుకున్నా."

ఇద్దరూ ఒకరి నోటివైపు ఒకరు చూస్తూ ఏడాది గడిపేశారు. "రా," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి మళ్ళీ అదే అన్నాడు. "నువ్వు రా. నువ్వు లేకపోతే పడవే అమ్మేస్తాను."

"సరే," అంది ఆవిడ. చూద్దాం అనలేదు.

"భయం పోయిందా మరి?"

"ఎక్కడ పోయిందండీ? అందుకేగా జోడు పెట్టింది," అంది. "ఉంటాను, అవతల లైను మోగుతోంది."