చేపల రోజు పాలు

అక్క హోటల్లో చేపలు వండే రోజున పాల చుక్క కనబడకూడదు. ఎవరడిగినా పాలు లేని టీయే. కొత్తవాళ్ళు గొణిగితే, "తాగితే తాగండి, లేకపోతే మంచినీళ్ళున్నాయి" అనేసేది. అంత మొండి ఘటం!

సరిగ్గా అలాంటి రోజునే చెల్లెలు రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని దర్జాగా వంటింట్లోకి వచ్చింది. పక్కవీధిలో బట్టలు కుడుతుందావిడ. చేతుల మీదా మెడ మీదా తెల్లమచ్చలు, చిన్నప్పుడు మొదలైనవి. చేప తిన్న పూట అక్క గ్లాసుడు పాలు పోసిందని, అందుకే వచ్చాయని వాళ్ళమ్మ పోయేదాకా సాధించింది. చెల్లెలు ఆ మాట ఏనాడో గాలికొదిలేసింది. అక్క మాత్రం గుండెల్లో పెట్టుకుంది. గంటల తరబడి కబుర్లాడుతుంది గానీ ఆ చేతుల వంక చూడదు. మచ్చలకన్నా ఆ చూడకపోవడమే చెల్లెలికి బాధ. ఇవాళ దాని సంగతేదో తేల్చేద్దామనే వచ్చింది.

"ఏయ్, ఏంటది? బయట పెట్టు!" అక్క గరిటె ఎత్తింది.

"కొడితే కొట్టు గానీ, ముందు ఆ మూకుడిటివ్వు. చేప పాలల్లో ఉడికిస్తా. నేనూ తింటా, నువ్వూ తింటావు."

"మతి గానీ పోయిందా నీకు?"

"చర్మం డాక్టరమ్మని అడిగానే. ఒంటికి రంగిచ్చే కణాల్ని మన ఒళ్ళే పాడుచేసుకుంటుందట. చేపకీ పాలకీ ఏ సంబంధమూ లేదంది."

"డాక్టర్లు వంద చెప్తారు."

"అమ్మ ఒక్కటి చెప్పిందని దాన్ని మాత్రం పట్టుకు వేలాడతావు!"

అక్క ఎత్తిన గరిటె దించేసింది. ఆ సందు చూసుకుని చెల్లెలు ఉల్లిపాయలు వేయించి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, పాలు పోసి చేపముక్కలు జారవిడిచింది. కాసేపటికి అంచుల్లో పాలు విరిగాయి.

"చూశావా, విరిగాయి! ఇంక విషమే అది!"

"అయ్యో పాపం, పన్నీరు తినేవాళ్ళంతా ఏమైపోవాలే మరి? ఉప్పు తగిలి, సెగ ఎక్కువై విరిగాయి. పాడైన పాలు వేరు, ఇవి వేరు." సెగ తగ్గించి, ఉడికాక ఒక ముక్క తాను తిని, "బ్రహ్మాండం" అని తనకు తనే మెచ్చుకుంది. రెండో ముక్క అక్క ముందు పెట్టింది.

అక్క దాన్ని పక్కకి నెట్టింది. "నేను పోసిన పాలేనే... నా చేత్తోనే పోశాను..."

"నాకు ఆకలేస్తోందని పోశావు. పంచదార కూడా ఎక్కువేశావు. నాకు గుర్తున్నది అదేనే, అక్కా."

అక్క భోరుమంది. ఏడుస్తూనే ముక్క నోట్లో పెట్టుకుంది, ఏడుస్తూనే ఇంకోటి అడిగింది. తర్వాత చెంగుతో కళ్ళు తుడుచుకుని, చెల్లెలి చేయి లాక్కుని వెలుతురులో పెట్టి చూసింది. తిప్పి తిప్పి చూసింది.

"ఒసేయ్, ఈ మచ్చ అచ్చం బాతులా ఉందే!"

"ఇన్నేళ్ళకి కనబడిందా తల్లీ!"

బయట నుంచి ఎవరో టీ అని కేకేశారు.

"పాలతోనా, లేకుండానా?" అని అరిచింది అక్క, ఆ చేయి వదలకుండానే.