మబ్బులు చూడబోయిన డోలీ కర్ర

నేను ఒక డోలీ కర్రను. ముదురు వెదురును. ఘాసి నన్ను అడవిలో నరికి, పొయ్యి పొగలో ఆరబెట్టి, దుప్పటిని ఉయ్యాలలా వేలాడగట్టాడు. రోడ్డులేని మా గూడెంలో అంబులెన్సంటే నేనే. పాము కరిచినవాళ్లను, జ్వరం ముదిరినవాళ్లను, పురిటి నొప్పులవాళ్లను ఎందరినో కిందికి దింపాను. మూలగని మనిషిని మోసిన గుర్తే లేదు.

ఇంతలో మా కొండమీంచి చలికాలం మబ్బులు పాలసముద్రంలా కనిపిస్తాయని ఎవరో ఫోనులో పెట్టారు. ఇక చూడండి తిరనాళ్లు! నడవగలిగినవాళ్లు నడిచారు, నడవలేనివాళ్లు డోలీ అడిగారు. నవ్వుతూ ఎక్కే మనుషుల్ని మోయడం నాకు కొత్త. దాచడమెందుకు, బాగానే అనిపించింది.

ఆ రోజు బయల్దేరుతుంటే ఘాసి పెళ్లాం చిలకమ్మ నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నెలలు నిండాయి.

"ఉండిపోనా?" అన్నాడు ఘాసి.

"ఎల్లెల్లు. ఇంకా టైముంది. పుట్టబోయే పిల్లకి స్వెట్టరు కొనొద్దేటి?" అంది. ఆమె తమ్ముడు సింహాద్రి నా రెండో కొసకు భుజం పెట్టాడు.

కొండకింద కార్లు ఆగేచోట మేం ఎక్కించుకున్నది విశాఖపట్నం పెద్దాయన్ని. మంచివాడే, దారిపొడుగునా మావాళ్లకు బిస్కెట్లు పెట్టాడు. పైకి చేరితే అంతా మంచు, ఏమీ కనిపించలేదు. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా? విడిపోతుందిలే, ఉందాం" అన్నాడు. ఉన్నాం. చాలాసేపటికి ఎండ పొడిచింది, మబ్బులు కాళ్లకింద పరుచుకున్నాయి. అందరూ ఒకటే కేకలు. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది.

అప్పుడే గూడెం దారిలోంచి చిలకమ్మ మేనత్త రొప్పుతూ వచ్చింది. "ఒరే ఘాసీ, నీ పెళ్లానికి నొప్పులొచ్చీసాయిరా! బిడ్డ అడ్డం తిరిగిపోనాది. మగోళ్లంతా కాఫీ కోతకెల్లిపోనారు. డోలీ తేరా!"

పెద్దాయన ముఖం పాలిపోయింది. "నాయనా, నా గుండెకి స్టెంటు వేశారు. ఈ చలిలో నన్నిక్కడ వదిలేస్తారా?"

ఆయన్ని కార్ల దాకా దింపమని సింహాద్రి చుట్టూ ఉన్న కుర్రాళ్లను బతిమాలాడు. ఫోనులు పట్టుకున్న చేతులు, ఒక్కటీ ఖాళీగా లేదు. కార్లున్న దారి కొండకి ఒక పక్క, మా గూడెం ఇంకో పక్క.

"ఆయన్నొగ్గీ బావా! ముందు అక్కని సూడు!" అని అరిచాడు.

"మనం తెచ్చినోడురా. సచ్చిపోతే?" అన్నాడు ఘాసి. ఏడుస్తూనే ఆయన్ని కార్ల దగ్గరికి దింపాడు. నాకు నోరూ చేతులూ ఉంటేనా, ఆయన్ని దారిలోనే కూలదోసేదాన్ని. అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

మేం కొండ చుట్టి వచ్చేసరికి ఆడవాళ్లు చిలకమ్మను దుప్పట్లో పట్టుకుని సగం దారి మోసుకొచ్చారు. నాకు కట్టి పరుగెత్తారు. ఆమె చేయి చాచి నన్ను గట్టిగా పట్టుకుంది. రోడ్డు కనిపించే మలుపులో ఆ పట్టు వదిలిపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

శవాన్ని మోసిన కర్రను మావాళ్లు ఇంటికి తేరు. తల్లీబిడ్డల్ని మట్టి చేసిన చోటే నన్నూ పడేశారు. కొన్నాళ్లకు ఘాసి వచ్చి ఎత్తుకెళ్లాడు. పెద్దలు తిట్టిపోశారు. అయినా నన్ను తెచ్చి గుమ్మం పక్కన ఆనించాడు.

ఈ చలికాలమూ జనం వస్తూనే ఉన్నారు. నిన్న ఒకాయన వెతుక్కుంటూ గూడెం దాకా వచ్చి, డోలీకి ఎంతడిగితే అంత ఇస్తానన్నాడు. ఘాసి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి.

"డోలీ నేదండి" అన్నాడు.

"అదేమిటయ్యా, ఎదురుగానే ఉందిగా?"

"అది మా ఆడోళ్లదండి."