కోత పండగకు కొత్త తీగలు

గిటార్ తీగలు మార్చాలని నా మనవరాలు ఎస్తేరు బుధవారమే అంది. వద్దన్నది నేనే.

ఆ గిటార్ దాని అన్న జోయల్‌ది. కొత్తచెరువులో మా చర్చిలో ఏడేళ్లు వాడే వాయించాడు. రాప్తాడు దగ్గర ఉద్యోగం దొరికాక భార్యతో అక్కడే కాపురం పెట్టాడు. గిటార్ చెల్లెలికి ఇచ్చి వెళ్లాడు. రాప్తాడు ఎంత దూరమని అందరూ నన్ను చూసి నవ్వుతారు. బస్సెక్కితే రెండు గంటలు. అయినా వాడు వెళ్లి ఎనిమిది నెలలైంది, వచ్చింది రెండుసార్లు. గడప దాటిన వాళ్లు తిరిగి వస్తారన్న ధైర్యం నాకు ఎప్పుడో పోయింది.

ఈ ఎనిమిది నెలలూ ఎస్తేరు రోజూ సాధన చేసింది. కోత పండగ ఆదివారం చర్చిలో వాయిస్తానని పాటల బృందం పెద్ద ఆదెన్నను అడిగింది.

"ఆడపిల్ల కరెంటు గిటార్ వాయించేది నేను యాడా చూల్లేదు," అన్నాడు ఆదెన్న. "సరే, ఈ ఒక్క ఆదివారం చూస్తా. బాగలేదంటే పుట్టపర్తి నుంచి పిల్లోణ్ణి పిలిపిస్తా. మల్ల నువ్వు ఏడ్సొద్దు."

"నేనెందుకు ఏడుస్తా మామా? పని లేక వాడు ఏడ్సాల," అంది ఎస్తేరు.

బుధవారం నాడు అది నా వేలు పట్టుకుని సన్న తీగ అడుగున జరిపించింది. పైకి నున్నగా కనిపించే తీగ అడుగున గరుకుగా తగిలింది. గిటార్ మెడ మీది ఇనప మెట్లకు ఒత్తిన చోటల్లా చిన్న చిన్న నొక్కులు. వేలు తీసి చూసుకుంటే నల్లటి మరక.

"చెమటకు తుప్పు పట్టినాయవ్వా. శృతి చేస్తే సగం పాటకే పోతాంది. గొంతు కూడా చూడు, దుప్పటి కప్పుకొని మాట్లాడినట్ల ఉండాది."

కొత్త తీగల పొట్లం అప్పటికే తెప్పించుకుంది. పొట్లం మీది అంకెలు నాకు అర్థం కాకపోయినా రెండుసార్లు చదివాను. తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"కొత్త బట్టలు పండగనాడు కట్టుకుంటాం గానీ నాలుగు దినాల ముందే కట్టుకుంటామా? ఆదివారం పొద్దున ఏసుకో మే. పండక్కి కొత్తగా ఉంటాయి," అన్నాను.

తన చేతులతో తీగలు మార్చడం దానికి అదే మొదలు. సరేనంది.

ఆదివారం పొద్దున ఇంట్లోనే ఆరు తీగలూ మార్చింది. ఫోన్‌లో శృతి చూపే ముల్లు మధ్యకు వచ్చేదాకా మరలు తిప్పింది. వాయిస్తే ఖంగుమంది. ఇద్దరం సంతోషంగా చర్చికి నడిచాం. ఆరాధనకు ఇంకా గంట ఉంది. అక్కడ సాధన మొదలుపెట్టిందో లేదో శృతి దిగిపోయింది. సరిచేసింది. మళ్లీ దిగింది.

"ఏమ్మే, పాట పాడతాండామా, బోరుబాయిలో నీళ్లు చూస్తాండామా? దిగిపోతానే ఉండాది!" అన్నాడు ఆదెన్న. "పుట్టపర్తికి ఫోన్ చేస్తా. బండి మీద పావుగంటలో వచ్చేస్తాడు."

"కొంచెంసేపు ఆగు మామా," అంది ఎస్తేరు. జోయల్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నాడేమో. దాన్ని వెనక గదిలోకి తీసుకుపోయాను. కోత కానుకలు అక్కడే పెట్టారు. వానలు లేక ఈ ఏడు శెనక్కాయల గంపలు మూడే వచ్చాయి.

ఎస్తేరు మరలు తిప్పుతుంటే తీగ వైపే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. మంచానికి కొత్త నులక అల్లితే మొదటిరోజే కుంగుతుంది. అది తాడు తప్పు కాదు. నలుగురు కూర్చుని లేచాక మళ్లీ బిగిస్తాం. అలా రెండు మూడుసార్లు బిగించాకే నిలుస్తుంది.

"దీనికీ అంతేనేమో మే. మంచం నులక మాదిరి. మెల్లగా లాగి చూడు."

ఎస్తేరు ఒక తీగ కింద వేలు పెట్టి, పొడవునా కొంచెం కొంచెంగా పైకి లాగింది. ముల్లు బాగా దిగింది. మర తిప్పి సరిచేసి మళ్లీ లాగింది. ఈసారి కొంచెమే దిగింది. మూడోసారి దాదాపు నిలిచింది.

ఇక ఆగలేకపోయాను. "పండగ బట్టల మాట వట్టిదే ఎస్తేరూ. అవి జోయల్ ఏసిన తీగలు. వాని చేతి చెమట ఉండాది కదా అని, తీసేస్తాంటే చూడలేక ఆదివారం దాకా తోసినాను. నీ నోటికాడి కూడు పడగొట్టినాను."

అది తల ఎత్తి నన్ను చూసి నవ్వేసింది. "వాడు ఆర్నెల్లకోతూరి మారుస్తానే ఉన్నాడవ్వా. ఏడేండ్లలో పదైదు తూర్లు మార్చింటాడు. పాతవి చుట్టి చెత్తలో ఏసేవాడు. నువ్వు చూల్లేదంతే. ఇంగ ఆ చెమటంటావా, అది నాది. ఎనిమిది నెలలు వాయించింది ఎవురు మరి?"

జోయల్ చెమట అనుకుని నేను కాపాడిందంతా ఈ పిల్ల చెమట.

నాలుగు తీగలు నిలిచాయి. సన్నవి రెండు ఇంకా జారుతుండగానే గంట కొట్టారు.

మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణంలో సన్న తీగ దిగింది. నాలాంటి దానికే తెలిసిపోయింది. ఎస్తేరు వాయించడం ఆపి మైకులో "ఒక్క నిమిషం" అంది. చర్చి నిండా జనం. అందరి తలలూ దాని వైపు తిరిగాయి. ఆదెన్న మొహం ముడుచుకుని లేచాడు. పిల్లను దిగిపొమ్మంటాడనుకున్నాను.

ఆదెన్న మైకు అందుకున్నాడు. "ప్రార్థన చేసుకుందాం," అన్నాడు.

అందరూ తలలు వంచారు. ఆదెన్న వాన కోసం ప్రార్థించాడు. గొర్రెల కోసం, గడ్డి కోసం ప్రార్థించాడు. ముందు వరసలో కూర్చున్న రామసుబ్బమ్మ మోకాలి కోసం ప్రార్థించాడు. అయిపోతుందనుకుంటే, ఊరికి ఇంకో బస్సు కావాలని మొదలుపెట్టాడు. భయంతో నేను ఒక కన్ను తెరిచాను. ఆయన కూడా ఒక కన్ను తెరిచే ఉన్నాడు. ఎస్తేరు ఫోన్‌లోని ముల్లును చూస్తున్నాడు. పిల్ల తీగ లాగింది, మర తిప్పింది, మళ్లీ లాగింది. తల ఊపింది. బస్సు మాట సగంలో ఉండగానే ఆదెన్న "ఆమెన్" అన్నాడు.

ఆ పాట చివరిదాకా శృతి నిలిచింది. తర్వాతి రెండు పాటలకూ నిలిచింది.

ఆరాధన అయ్యాక ఆదెన్న గిటార్ వైరు చుడుతూ వచ్చాడు. "ఏమ్మే, వచ్చే తూరి రెండు దినాల ముందే ఏసుకో. వారం వారం అంత ప్రార్థన నాకు రాదు."

"వారం వారమా మామా?" అంది ఎస్తేరు.

ఆదెన్న చుట్టిన వైరు దాని చేతిలో పెట్టి, గంపలు మోయించడానికి వెళ్లిపోయాడు.